వంట క్లాసు పక్క గదిలోనే క్యాన్సర్ పరీక్ష పెట్టండి

బ్రొకోలీ, ఆలివ్ నూనె పట్టుకొచ్చి ‘క్యాన్సర్ రాని వంటలు’ అని క్లాసులు పెట్టేవాళ్లకే చెప్తున్నా. బెంగళూరులో కె.ఆర్.పురం, మారతహళ్లి వైపు ఒంటిగది ఇళ్లలో ఉండే మన అనంతపురం, కర్నూలు వాళ్ల పొయ్యి మీదికి అవి ఎక్కవు. సంకటి, తోటకూర పప్పు, గోరుచిక్కుడు వేపుడుతోనే చెప్పండి. అసలు క్యాన్సర్ రాని వంట అంటూ లేదు. తిండి ముప్పు తగ్గిస్తుంది, అంతే. ఈ మాట మొదటిరోజే చెప్పకపోతే ‘బాగానే తింటున్నా కదా, నాకెందుకు పరీక్ష’ అనేస్తారు.

ఉప్పు మీద ఉపన్యాసం దండగ. మనవాళ్లు ఉప్పు చేత్తో వేస్తారు, చెంచాతో కాదు. క్లాసుకొచ్చినామె పప్పులోకి తీసిన ఉప్పునే చిన్న కాటా మీద పెట్టి తూయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు. అంటే నలుగురు పెద్దలున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 50 రోజులైనా రావాలి. ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద పెన్నుతో తేదీ వేయించండి. నెల తిరక్కముందే ఖాళీ అయితే ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆవకాయ, అప్పడాల ఉప్పు ఈ లెక్కలో లేదని కూడా చెప్పండి.

ఊరినుంచి తెచ్చుకున్న శనక్కాయల సంచి ఇంకో సంగతి. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి ఏరి పారేయాలి. బూజులో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయ క్యాన్సర్‌కు కారణం, వేయించినా పూర్తిగా పోదు. చట్నీలో మిరపకాయ, చింతపండు పడ్డాక ఆ చేదు నాలుకకు తెలీదు.

అంతా చెప్పి, చివర్లో ‘ఆస్పత్రికి వెళ్లి చూపించుకోండమ్మా’ అని చీటీ ఇస్తారే, అక్కడే చెడుతోంది! ఆస్పత్రికి పోవాలంటే ఆమెకు ఒకరోజు కూలి పోతుంది. ఆదివారం పెట్టండి. పక్క గదిలోనే నర్సమ్మ ఉండాలి, తలుపుకు గడియ ఉండాలి. మన దేశ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్లవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం 5 ఏళ్లకోసారి చూడాలి. ముఖద్వారం పరీక్షకు వాడేది వెనిగర్‌లో ఉండే అసిటిక్ యాసిడ్డే, 3 నుంచి 5 శాతం ద్రావణం. అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చ తేలిందేమో చూస్తారు. తేలినంత మాత్రాన క్యాన్సర్ కాదు, ఇంకా పరీక్షలుంటాయి. ఇది ముందే చెప్పకపోతే భయంతో మళ్లీ రారు. నెలసరిలో ఈ పరీక్ష చేయరు కాబట్టి రెండు వారాల తేడాతో రెండు తేదీలు పెట్టండి.

భోజనానికొచ్చిన మగవాళ్ల నోళ్లూ టార్చితో చూడండి. పొగాకు కలపని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2004లోనే తేల్చింది. నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోకపోతే వెంటనే డాక్టరుకు చూపించాలి. అలాంటివాళ్లతో కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రికి ఏ రోజు ఎవరు తోడు వెళ్తారో అన్నాలు వడ్డించకముందే రాసుకోండి.