సవరణ: మా బాబు డయాగ్నసిస్ గురించి

మొన్న నేను, "ఆరేళ్లప్పుడు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అన్నారు, ఇప్పుడు పదకొండేళ్లకు ఆటిజం కూడా ఉందంటున్నారు, మొదటి డాక్టరు పొరపాటు పడ్డారు" అని రాశాను. ఆ మాట తప్పు.

అప్పట్లో వాడు క్లాసులో బెంచీ మీద కూర్చునేవాడు కాదు. ఆ మొదటి డాక్టరుగారికి మేం చెప్పింది అదొక్కటే. ఇంట్లో మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందకి దూరేవాడు. అది మొండితనం అనుకుని మేమే చెప్పలేదు. పిల్లలు పెరిగేకొద్దీ కొన్ని లక్షణాలు బయటపడతాయి, రెండూ కలిసి ఉండొచ్చు కూడా. ఇలాంటి సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్‌ఎం అనే మాన్యువలే 2013 దాకా ఈ రెండూ ఒకే బిడ్డకు రాయనిచ్చేది కాదు.

నా పోస్టు చూసి గుంటూరు నుంచి ఒకావిడ తమ పాప మందులు ఆపేస్తానన్నారు. అమ్మా, దయచేసి ఆపకండి, ముందు మీ డాక్టరుగారితో మాట్లాడండి.