తుమ్మకంప వైద్యం

ప్రతి ఏడాదీ మార్చి నెలాఖరుకు మా ఊరి వాట్సాప్ గ్రూపులో కరోనా లాక్‌డౌన్ నాటి ఫొటో ఒకటి ప్రత్యక్షమవుతుంది. ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప, దాని మీద ఒక తాటిమొద్దు, వెనకాల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ వీరులు. కంపకు కట్టిన ఫ్లెక్సీ మీద ‘మా ఊరికి మీరు రావద్దు, మీ ఊరికి మేం రాం’. దాని కింద ‘ఆ ఐక్యత ఇప్పుడేదీ’, ‘సెల్యూట్ బ్రదర్స్’, బోలెడన్ని దండాల బొమ్మలు. ఈ ఏడాది ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, ఆనాడు కంచె కాసినవాళ్లకు ఊరి తరఫున సన్మానం చేద్దామన్నాడు. శాలువాలకు చందాలు కూడా మొదలయ్యాయి.

చేయాల్సిందే. ప్రపంచమంతా టీకా కోసం తలలు పట్టుకు కూర్చున్న రోజుల్లో, ముల్లు గుచ్చుకుంటే వైరస్ వెనక్కి పోతుందని కనిపెట్టిన మేధావులు మనవాళ్లు. 2020 మార్చి 22న, జనతా కర్ఫ్యూ సాయంత్రం 5 గంటలకు అందరం కంచాలు వాయించాం. ఆ వారం తిరగకముందే రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా కంచెలు లేచాయి. కొన్నిచోట్ల చెట్లు కొట్టి రోడ్డు మీద పడేశారు. కొన్నిచోట్ల జేసీబీ తెచ్చి రోడ్డునే తవ్వేశారు. ఆ రోడ్డు వేయించడానికి అంతకుముందు ఎన్నేళ్లు ఎమ్మెల్యే చుట్టూ తిరిగారో వాళ్లకే తెలియాలి.

కంచె దగ్గర వైద్యం ఎలా జరిగేదో భావితరాల కోసం రాసిపెట్టాలి. సంఘం కుర్రాళ్లు మూడు షిఫ్టులు. వేపచెట్టు కింద ఒక నవారు మంచం, దాని మీద ఆరుగురు, మధ్యలో పేకముక్కలు. ఒకే బీడీ చేతులు మారుతూ తిరిగేది. మాస్కులు గడ్డం కింద భద్రంగా ఉండేవి. కంపకు దారం కట్టి శానిటైజర్ సీసా వేలాడదీశారు. అందులోది రెండో రోజుకే అయిపోతే, సీసా ఖాళీగా ఉంటే బాగుండదని నీళ్లు పోశారు. వచ్చేవాళ్ల పేర్లు రాయడానికి ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను. ఆలోచన వచ్చినప్పుడల్లా ఆ పెన్ను ఎవరో ఒకరి నోట్లోకి వెళ్లేది. ఆలోచనలు ఎక్కువే వచ్చేవి.

ఒక మధ్యాహ్నం కౌలు రైతు కొడుకు బ్యాగు మోసుకుంటూ నడిచొచ్చాడు. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లాడు.

“ఎక్కడ్నుంచిరా?”

“హైదరాబాద్ నుంచన్నా. హాస్టల్ మూసేశారు.”

హైదరాబాద్ అనగానే ఆరుగురూ అదిరిపడి వెనక్కి జరిగారు. జరిగే చోటు లేక ఒకరి ఒళ్లో ఒకరు కూలబడ్డారు. భౌతిక దూరం ఆ విధంగా పాటించబడింది.

“దగ్గుందా?”

“లేదన్నా.”

“లేదంటున్నాడంటే దాస్తున్నాడు. ఏదీ, ఒకసారి దగ్గి చూపించు.”

అడిగారు కదా అని పిల్లాడు దగ్గాడు. “చూశావా, ఉంది!” అన్నారు. అతని తల్లి కంచెకు ఇవతల అన్నం గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. 14 రోజులు పొలంలో మోటారు షెడ్డులో ఉండాలని తీర్పు వచ్చింది. ఫ్యాను లేదు, పాములున్నాయి. కానీ పాము కాటు అంటువ్యాధి కాదు కాబట్టి సంఘానికి దానితో పనిలేదు.

అతను చేను గట్టు ఎక్కాడో లేదో, కారు హారన్ వినపడింది. సర్పంచ్‌గారి అల్లుడు, కూతురు, ఇద్దరు పిల్లలు. వాళ్లూ హైదరాబాద్ నుంచే. నలుగురు పరుగెత్తి తాటిమొద్దు ఎత్తారు. “బావగారూ, ప్రయాణం బాగా జరిగిందా? అక్కకు ఎండ తగులుతోంది, ముందు ఇంటికి పదండి. ఏసీ మాత్రం ఆపండి బావగారూ, వైరస్ చల్లదనానికి పెరుగుతుందట.” ఒక కుర్రాడైతే అభిమానం కొద్దీ చిన్నపిల్లాణ్ణి ఎత్తుకుని ముద్దు పెట్టాడు. ఆ రోజు నోటు పుస్తకంలో ‘కారణం’ అన్న గడిలో కౌలు రైతు కొడుకు పేరుకు ఎదురుగా ‘అనుమానం’ అని రాశారు. కారు నంబరుకు ఎదురుగా ‘సొంత మనుషులు’ అని రాశారు.

(మరుసటి ఏడాది, 2021 మేలో, నల్లగొండ జిల్లా కొత్తనందికొండలో ఒక విద్యార్థి పాజిటివ్ వచ్చిందని చెట్టు మీద వెదురు బద్దలతో మంచె కట్టుకుని 11 రోజులు ఉన్నాడు. ఇంట్లో విడిగా ఉండటానికి గది లేదు. భలే ఐడియా అని దేశమంతా మెచ్చుకుంది. గది ఎందుకు లేదన్న సంగతి మీద అంత ఆసక్తి కనపడలేదు.)

ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకునే ఆశా కార్యకర్తను కూడా సంఘం వదల్లేదు. “రోజూ ఆస్పత్రికి పోయి వస్తున్నావు కదమ్మా, కొన్నాళ్లు ఊరి బయట ఉండకూడదూ?” అని మర్యాదగానే అడిగారు. ఊళ్లో ఎవరికైనా ఆయాసం వస్తే మొదట ఫోన్ చేసేది ఆమెకే. ఆమె ఏమీ అనకుండా రిజిస్టరు చంకన పెట్టుకుని తర్వాతి ఇంటికి వెళ్లిపోయింది. ఆ గ్రూపులో ఆమెకు శాలువా కొనాలని ఇప్పటిదాకా ఒక్కరికీ తోచలేదు.

ఇంత పటిష్ఠమైన కంచెకు మే మొదటి వారంలో చిల్లు పడింది. మే 4న ఆంధ్రలో మందు షాపులు తెరిచి, ధర రెండు విడతల్లో 75 శాతం పెంచారు. తెలంగాణలో 6న తెరిచి 16 శాతంతో సరిపెట్టారు. మా ఊరు సరిహద్దుకు ఇవతల, ఆంధ్ర వైపు ఉంది. ఇంకేముంది, కంచెకు ఎడమ పక్క బీడులో ఒక మనిషి, ఒక సంచి పట్టేంత సందు దానంతటదే ఏర్పడింది. అవతలి ఊరికి మేం రామని ఫ్లెక్సీ కట్టినవాళ్లే రాత్రి 9 దాటాక అవతలి ఊళ్లో క్షేమ సమాచారాలు కనుక్కుని వచ్చేవారు.

మేం పల్లెటూరివాళ్లం, కంపతో సరిపెట్టుకున్నాం. ప్రభుత్వాలు చదువుకున్నవి. 2020 ఏప్రిల్ ఆఖర్లో తమిళనాడులోని వేలూరు జిల్లా అధికారులు చిత్తూరు వైపు వచ్చే రోడ్ల మీద సిమెంటు ఇటుకలతో ఏకంగా గోడలే కట్టించారు. నలుగురూ నవ్వాక కూల్చేశారు. అంతకు నెల ముందు హైదరాబాద్ పోలీసులు హాస్టల్ పిల్లలకు ఇళ్లకు వెళ్లొచ్చని పాసులిచ్చారు. ఆ పాసులతో వేలమంది జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టుకు చేరితే, ఇవతలి పోలీసులు క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే రానిస్తామన్నారు. రెండు ప్రభుత్వాలూ ఫోన్లలో మాట్లాడుకుంటున్నంతసేపూ పిల్లలు హైవే మీదే. ఆ రెండు ప్రభుత్వాల్లోనూ తెలుగు వచ్చినవాళ్లే ఉన్నారు.

ఆ ఏప్రిల్లోనే తెలంగాణలోని పేరూరుకు మిరప కోతలకొచ్చిన 12 ఏళ్ల పిల్ల, పని ఆగిపోయి, తోటివాళ్లతో కలిసి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు కాలినడకన బయల్దేరింది. రోడ్డున పోతే ఆపుతారని అడవి దారి పట్టారు. మూడు రోజులు నడిచి, ఏప్రిల్ 18న, ఇల్లు ఇంకాసేపట్లో వస్తుందనగా చనిపోయింది. తర్వాత పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది. ఆ పిల్ల కోసిన మిరపకాయలు మాత్రం ఏ చెక్‌పోస్టు దగ్గరా 14 రోజులు ఆగి ఉండవు.

ఇదంతా మొదటి ఏడు, ఏమీ తెలియని భయం అనుకుందాం. 2021 మేకు అన్నీ తెలుసు. ఆక్సిజన్ అందక మనుషులు పోతున్నారని తెలుసు. కర్నూలు దాటి తుంగభద్ర వంతెన ఎక్కితే అవతల పుల్లూరు టోల్‌గేటు. మే 10 నుంచి అక్కడ తెలంగాణ పోలీసులు ఆంధ్ర అంబులెన్సులను ఆపారు. హైదరాబాద్ ఆస్పత్రిలో బెడ్ ఖాయమైందని కాగితం ఉండాలట, పోలీసుల పాసు ఉండాలట. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉన్న మనిషిని వెనక సీట్లో పెట్టుకుని, ఆయన కొడుకు రోడ్డు మీద నిలబడి ఫోన్‌లో బెడ్ కాగితం తెప్పించాలి. సిగ్గు లేదూ? అంబులెన్సుకు దారివ్వడానికి బైకువాడు పక్కకు తప్పుకుంటాడు, ఎడ్లబండివాడు తప్పుకుంటాడు. ఒక రాష్ట్రం తప్పుకోలేకపోయింది. ఆ టోల్‌గేటు దగ్గర పేషెంట్లు చనిపోయారని పేపర్లు రాశాయి. విభజన చట్టం ప్రకారం ఆ రోజుకు హైదరాబాద్ రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి రాజధాని. 2024 జూన్ 2 దాకా ఆ గడువు ఉండింది. అంటే వాళ్లను ఆపింది వాళ్ల సొంత రాజధానికి వెళ్లే దారిలో.

ఏ అధికారంతో ఆపుతున్నారని తెలంగాణ హైకోర్టు అడిగింది. జవాబు బదులు అవే షరతులతో ప్రభుత్వ సర్క్యులర్ వచ్చింది. మే 14న కోర్టు దానిమీద స్టే ఇచ్చింది. మా సంఘం కుర్రాళ్లకు చట్టం తెలియదు, అందుకని కంప వేశారు. ఆ సర్క్యులర్ రాసినవాళ్లకు చట్టం తెలుసు, ఇంగ్లీషు తెలుసు, ఆక్సిజన్ సిలిండర్ ఎన్ని గంటలు వస్తుందో కూడా తెలుసు.