శ్రీయుత నోటి మీద వేలు గారికి

శ్రీయుత నోటి మీద వేలు గారికి, వారి తోడబుట్టిన చేతులు కట్టుకో గారికి,

దేవరకొండ వైపు ఒక ఊళ్లోని ప్రైమరీ స్కూల్ నుంచి ఎస్జీటీ, అంటే చిన్న తరగతులకు చెప్పే టీచరు ఒకరు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అంటే కదలకుండా, మెదలకుండా ఉన్నాం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. ఏ బడి గేటు దాటినా ముందు ఎదురొచ్చేది మీరే.

మీ సర్వీసు చూస్తే ఎవరికైనా దండం పెట్టాలనిపిస్తుంది. పలక పోయి ట్యాబ్ వచ్చింది. సుద్దముక్క పక్కన డిజిటల్ బోర్డు వచ్చి నిలబడింది. 2016 అక్టోబర్‌లో ఉమ్మడి నల్గొండ మూడు జిల్లాలయింది. పాలమూరు నాలుగయ్యి, 2019లో నారాయణపేటతో ఐదయింది. 2021 డిసెంబర్‌లో 317 జీవో వచ్చి మా టీచర్లలో ఎంతోమందిని సొంత జిల్లాల నుంచి లేపి ఎక్కడెక్కడో కూర్చోబెట్టింది. మీరు మాత్రం ఉన్నచోటు నుంచి వెంట్రుకవాసి జరగలేదు. జరగకపోవడమే మీ డ్యూటీ కాబట్టి ఏ యూనియనూ అడగలేదు.

మీ పనితనం చూడాలంటే మండల విద్యాధికారి, మా ఎంఈఓ సారు వచ్చిన రోజే చూడాలి. బండి చప్పుడు వినపడగానే మేము "ఆఁ, నోటి మీద వేలు!" అంటాం. క్లాసంతా ఒక్కసారే వేళ్లు లేస్తాయి. సారు గుమ్మంలో నిలబడి ఒక చూపు చూసి, విజిట్ బుక్కులో "క్రమశిక్షణ బాగుంది" అని రాసి, చాయ్ తాగి వెళ్తారు. తీసివేతలు ఎందరికి వచ్చో ఆయన అడగరు, మేము చెప్పం. అయితే మీరు ఎప్పుడన్నా బల్లల కిందికి వంగి చూశారా? పైన వేలు నిలబడే ఉంటుంది, కింద మాత్రం కాళ్లు ఒక్క తీరుగ ఆడుతుంటాయి. ఒకడు చెప్పు విడిచి బొటనవేలితో దుమ్ములో గీతలు గీస్తుంటాడు. ఇంకో పిల్ల మడమతో బ్యాగును తంతూ ఉంటుంది. ఆ వేలైనా ఎంతసేపు? కాసేపటికి పెదవి మీది నుంచి జారి పళ్ల మధ్యకు పోతుంది, గోరు కొరుకుడు షురూ.

ఏడేళ్ల పిల్ల కదలకుండా కూర్చుందంటే అప్పటికే పెద్ద పని నెత్తికెత్తుకుందని అర్థం. కాలు ఊపొద్దు, చేయి తీయొద్దు, పక్కకు చూడొద్దు, నవ్వు ఆపుకోవాలి. ఉన్న ధ్యాసంతా మీకే కట్టేశాక తీసివేతల కోసం మిగిలేది చిల్లరే.

మా మూడో తరగతిలో ఒక పిలగాడున్నాడు, తండా నుంచి వస్తాడు. అంగీ కాలరు రెండు కొసలూ నమిలి నమిలి పీచులేసి ఉంటాయి. పై గుండీ ఉండదు. ఒక మోకాలు బెంచీ మీద, ఒక కాలు నేల మీద పెట్టి, సగం నిలబడి సగం కూర్చుని రాస్తాడు. మీ మాట విని బుద్ధిగా కూర్చున్న రోజు ఒకే వాక్యం దగ్గర వేలు పెట్టుకుని గంట గడుపుతాడు. మోకాలి మీద నిలబడ్డ రోజు పేజీ నింపి తెస్తాడు. మధ్యాహ్నం ప్లేట్లు కడిగేటప్పుడు అందరికీ బోరింగ్ కొట్టేది వాడే. కొట్టి, చెమటతో, తడిసిన నిక్కరుతో వచ్చి కూర్చున్న పావుగంట వాడంత బుద్ధిమంతుడు మండలంలో ఉండడు. వాడికి ఫలానా ఉందని చెప్పడానికి నేను డాక్టరును కాను. అమెరికాలో 2015లో అచ్చయిన ఒక అధ్యయనం మాత్రం నాకు బాగా గుర్తుంది. ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని ఇబ్బంది (ఏడీహెచ్‌డీ) ఉన్న 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లలు ఎక్కువ కదిలినప్పుడే, మనసులో పెట్టుకుని చేయాల్సిన పనులు బాగా చేశారు. ఆ ఇబ్బంది లేని పిల్లల్లో అట్లా కనపడలేదు. అంటే ఒకరికి కలిసొచ్చే ఊగుడు ఇంకొకరికి అడ్డం కావచ్చు. క్లాసుకంతటికీ ఒకే వేలు, ఒకే పెదవి అనే మీ సిద్ధాంతానికి ఇది కొంచెం ఇబ్బందే.

మీకు ఒళ్లు ఎట్ల పనిచేస్తుందో చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అనుకోండి, అయినా చెప్తాను. చెవి లోపల మూడు అర్ధవృత్తాకార నాళాలుంటాయి, వాటి నిండా ద్రవం. తల తిరిగితే ఆ ద్రవం కదిలి మెదడుకు కబురు పంపుతుంది. కండరాల్లో, కీళ్లలో ఇంకో జట్టు ఉంటుంది. చేయి ఎక్కడుంది, ఎంత బరువు మోస్తోంది, పెన్సిల్ ఎంత గట్టిగా పట్టుకుంది అన్న సంగతులు అది చేరవేస్తుంది. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అని ఐదు దగ్గర లెక్క ఆపకుండా ఈ రెండింటినీ కూడా పట్టించుకోవాలని జీన్ ఎయిర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు 1970ల్లోనే రాశారు. ఆ కబుర్లు అందకపోతే కొందరు పిల్లలు మందకొడిగా అయిపోతారు. కొందరు వాటిని తామే తయారు చేసుకుంటారు. ఊగుతారు, నములుతారు, పక్కోణ్ణి తోస్తారు. దానికి మేము పెట్టిన పేరు "కోతిచేష్టలు".

మా అమ్మమ్మలకు ఎయిర్స్ గారి పేరు తెల్వదు. కానీ ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని గిరగిరా తిరిగే ఒప్పులకుప్ప ఉండె. ఒంటికాలి మీద గెంతే తొక్కుడుబిళ్ల ఉండె. చిర్రగోనె, కోతికొమ్మచ్చి, దాగుడుమూతలు ఉండె. బతుకమ్మ చుట్టూ వంగి, లేచి, చప్పట్లు కొడుతూ గంటసేపు తిరిగే ఆడపిల్లల లోపలి చెవికీ, భుజాలకూ, మోకాళ్లకూ అందే కబురు ఏ థెరపీ గదికీ తీసిపోదు. బడి మొదలయ్యే ముందు, వదిలాక, సెలవుల్లో ఇదంతా జరిగేది కాబట్టి ఆ రోజుల్లో మీ దర్జా కొంత చెల్లింది. ఇప్పుడు పిల్లలు ఆటో దిగి బడికి, బడి దిగి ఫోనుకు పోతున్నారు. మీరు మాత్రం పాత రేటుకే వడ్డీ వసూలు చేస్తున్నారు.

ఇక మీ అసలు తెలివి దగ్గరికి వస్తాను. ఒప్పుకోవాల్సిందే, ఇట్లాంటి తిరకాసు ఇంకెవరికీ తట్టదు.

ఒంటి బలమంతా వాడే పనులు చేయిస్తే చాలామంది పిల్లలు నెమ్మదిస్తారని థెరపిస్టులు చెప్తారు. గోడను రెండు చేతులతో తోయించడం, గోడకు ఆనుకుని కుర్చీలో ఉన్నట్టు మోకాళ్లు వంచి నిలబెట్టడం, కూర్చోబెట్టి లేపడం, బరువు మోయించడం, ఒక చోటి నుంచి ఇంకో చోటికి కబురు మీద పంపడం. ఈ పట్టీ చదివి నేను నవ్వుకున్నాను. మోకాళ్లు వంచి గోడకు ఆనడం మా గోడకుర్చీ. కూర్చుని లేవడం మా గుంజీలు. మందుగా ఇవ్వాల్సినదాన్నే తీసి శిక్షగా పెట్టినం! కదలడం బడిలో ఉండనే ఉంది, కాకపోతే తప్పు చేసినోనికి మాత్రమే దొరుకుతుంది. బుద్ధిగా ఉన్న పిల్లకు చేతులు కట్టుకునే భాగ్యం, అల్లరి చేసినోనికి గోడకుర్చీ. అది కూడా రెండు నిమిషాల్లో ఆపరు. తొడలు వణికి, కళ్లలో నీళ్లు వచ్చి, క్లాసంతా నవ్వేదాకా నడిపిస్తారు. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ ఒంటిని కొట్టడాన్నీ, మనసును నొప్పించడాన్నీ రెండింటినీ నిషేధించింది. గుంజీలను మాత్రం మేము వ్యాయామం పద్దులో రాసుకున్నాం.

దీనికి తోడు ఇంకో ఏర్పాటు కూడా చేశారు. హోంవర్కు చేయలేదా, ఇంటర్వెల్ కట్. లొల్లి చేశావా, ఆటల పీరియడ్ కట్. అంటే కదలక ఆగమైన పిల్లకు ఉన్న ఆ కాసేపు కదిలే అవకాశం కూడా గుంజుకోవడం. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2013లోనే చెప్పింది, శిక్ష పేరుతో గానీ చదువు పేరుతో గానీ ఆట విరామం తీసేయవద్దని. మన దగ్గర పరీక్షలు దగ్గర పడగానే డ్రిల్లు పీరియడ్‌ను లెక్కల సారు అడగకుండానే వాడుకుంటారు. పీఈటీ సారు ఉన్న బడుల సంగతి అది. మా బడిలో పీఈటీ సారు లేడు, ఆ పోస్టూ లేదు.

కదలాలని ఊదరగొడుతున్నానని మీరు అపార్థం చేసుకుంటారేమో. అందరికీ గెంతులు అక్కర్లేదు. మా బడి గంట ఒక రైలు పట్టా ముక్క, ఇనుప కడ్డీతో కొడతాం. అది మోగినప్పుడల్లా రెండో తరగతి పిల్ల ఒకతె భుజాలు చెవుల దాకా లేపి గట్టిగా కళ్లు మూసుకుంటుంది. మధ్యాహ్నం స్టీలు ప్లేట్లన్నీ ఒక్కసారి బండ మీద పడేటప్పుడూ అంతే. రేకుల మీద వాన పడితే ఇక ఆ రోజు చదువు లేనట్టే. మీరు ఆ పిల్లను "చెవుల మీద చేతులు తియ్, కట్టుకో" అంటారు. ఆమెకు కావల్సింది లొల్లికి దూరంగా వేపచెట్టు కింద ఐదు నిమిషాలు. ఇప్పుడు గంట కొట్టే ముందు ఆమెకు సైగ చేస్తున్నాం. దీనికి బడ్జెట్ హెడ్డు ఏదో ఇంకా తేలలేదు.

టౌన్లలో మీకు ఇంకా పెద్ద బంగళాలు దొరికాయి. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో కింద దుకాణాలు, పైన బడి. ఆటస్థలం ఏదండీ అంటే పార్కింగ్ చూపిస్తారు, అందులో బస్సు ఉంటుంది. ఆటస్థలం ఉండాలని విద్యా హక్కు చట్టం షెడ్యూలులో ఉంది. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ ఉండాలని ఎక్కడుందో నాకు కనపడలేదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు అలిసేటట్టు ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ లెక్కన వాళ్ల స్టడీ అవర్స్ దాటి ఆడాలంటే రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాలి.

ఇట్ల రాస్తే రేపు ఎవరో ఒక సేల్స్ పిలగాడు సెన్సరీ కిట్లు పట్టుకుని గుమ్మంలోకి వస్తాడని కూడా తెలుసు. బరువు జాకెట్లు వేస్తే ధ్యాస కుదురుతుందనడానికి పరిశోధనల్లో గట్టి ఆధారం దొరకలేదు. 2017లో ఊరూరా తిరిగిన, వేళ్ల మధ్య గిరగిరా తిప్పే ఫిడ్జెట్ స్పిన్నర్లతో క్లాసులో చూపంతా స్పిన్నర్ మీదికే పోయింది. పాఠాల నడుమ నాలుగైదు నిమిషాలు లేపి కదిలిస్తే ఆ తర్వాత పిల్లలు పని మీద నిలుస్తారనడానికి మాత్రం మంచి ఆధారాలే ఉన్నాయి. మార్కులు పెరుగుతాయా అంటే కొన్నిచోట్ల పెరిగాయి, కొన్నిచోట్ల లేదు. నేను అబద్ధం చెప్పను, అది మీ వైపు వాళ్ల పని.

మొన్న చుట్టుపక్కల బళ్ల టీచర్లమంతా కూడిన కాంప్లెక్స్ మీటింగులో మీరు ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు. అంశం "ఆనందదాయక బోధన". ప్రొజెక్టర్ మీద స్లైడ్ తర్వాత స్లైడ్. ముప్పావు గంటకు మా సార్లలో ఒకరు పెన్ను టిక్కుటిక్కుమనిపించడం మొదలుపెట్టారు. ఇంకొకరి మోకాలు ఆడుతోంది. ఇద్దరు మేడంలు వాష్‌రూమ్‌కు జంటగా వెళ్లి పదిహేను నిమిషాలకు వచ్చారు. ఫోన్లు ఎన్ని వెలిగాయో లెక్క లేదు. "ఇగ చాయ్ పంపియ్యండి సార్" అని వెనక నుంచి ఒక గొంతు. చాయ్, బిస్కెట్, బయట ఎండలో పది నిమిషాల నడక, ఆ తర్వాత అందరూ మళ్లీ మనుషులయ్యారు. నలభై ఏళ్లు దాటిన పట్టభద్రులకు దాన్ని టీ బ్రేక్ అంటారు. ఎనిమిదేళ్ల పిల్ల అదే అడిగితే "ఏం తొందరొచ్చిందే, కూసో" అంటాం.

ఇంకో మాట, ఇది నవ్వులాటకు కాదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయినవాళ్లను చూసిన జిల్లా మాది. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పే పెద్దమనుషుల మధ్య పెరిగినం. ఈ జిల్లా బళ్లలో నిలబడి "కాళ్లు ఆడించకు" అనడానికి మీకు నోరెట్ల వస్తది? ఓ, మీ నోటి మీద వేలుంది కదా.

మా క్లాసులో మీరు లేనప్పుడు ఏం జరుగుతోందో చెప్తాను, రిపోర్టు రాసుకోండి. పిల్లల ధ్యాస చెదరకముందే లేపుతాం, చెదిరాక కాదు. అల్లరికి బహుమతిగా అసలే కాదు. ఎక్కాలు ఒంటికాలి మీద, అక్షరాలు గాల్లో మోచేతితో. ఆ తర్వాత "గోడ పడిపోతోంది, తోయండ్రా" అంటే అందరూ చేతులు ఆనించి తోస్తారు. గోడ ఇంకా పడలేదు. చివరికి ఎప్పుడూ నెమ్మది పనే ఉంటుంది, అరచేతులు గట్టిగా నొక్కుకోవడం, బల్ల మీద తల పెట్టి ఊపిరి లెక్కపెట్టడం. గెంతులతో ఆపేస్తే ఆ ఊపుతోనే పాఠం కొట్టుకుపోతుంది. నోటుబుక్కుల కట్ట ఆఫీసు రూముకు మోసే పని ఇదివరకు క్లాసు లీడరుది. ఇప్పుడు అది కాలరు నమిలే పిలగాడిది. లీడరు తండ్రి వచ్చి "మా బిడ్డ హోదా తీసేసిండ్రు" అని లొల్లి చేసి పోయాడు.

కాబట్టి అయ్యా, 317 జీవోలో తప్పించుకున్న మీకు ఈ లేఖతో బదిలీ ఇస్తున్నాను. ఖాళీలు చాలా ఉన్నాయి. నల్గొండ నుంచి దేవరకొండ పోయే బస్సులో స్పీకరు పెట్టి రీల్స్ చూసేవాళ్లకు మీ అవసరం ఉంది. సినిమా హాల్లో "ఆఁ, హాల్లో ఉన్న, చెప్పు" అనేవాళ్ల దగ్గర ఉంది. అసెంబ్లీలో ఒక పోస్టు మంజూరు చేయించవచ్చు, రెండు వైపులా కలిపి. పెళ్లిళ్లలో డీజే పెట్టేవాళ్లు మీ తమ్ముడు చేతులు కట్టుకో గారిని పంపినా చాలంటున్నారు.

రిలీవింగ్ ఆర్డరు మీద హెచ్ఎం సంతకం కావాలి. మేడం ఇప్పుడు పిల్లలతో కలిసి గోడ తోస్తున్నారు. అయ్యాక పట్టుకొస్తాను.

ఇట్లు,
మీ వల్ల సర్వీసులో ఎన్నో "బాగుంది"లు సంపాదించుకున్న
ఒక టీచరు