3ఎం ఒప్పందం నీటి సంస్థల కోసం, అగ్నిమాపక సిబ్బంది కోసం కాదు

2023లో అమెరికా రసాయనాల కంపెనీ 3ఎం కుదుర్చుకున్న ఒప్పందంతో అగ్నిమాపక సిబ్బందికి న్యాయం దక్కిందని ఒక వ్యాసంలో రాశారు, అది సరికాదు. కనీసం 1,030 కోట్ల డాలర్ల ఆ మొత్తం, పీఫాస్ అనే, సులభంగా విచ్ఛిన్నం కాని కృత్రిమ రసాయనాలు కలిసిన తాగునీటి శుద్ధి కోసం అమెరికాలోని ప్రజా నీటి సరఫరా సంస్థలకు ఉద్దేశించినది. ఈ రసాయనాలున్న, విమాన ఇంధనపు మంటలనార్పే నురగను, అసలు ప్రమాదాల్లోకన్నా శిక్షణలోనే ఎక్కువగా, ఏళ్ల తరబడి చల్లి ఆపై మూత్రపిండాల లేదా వృషణాల క్యాన్సర్ బారిన పడినవారి దావాలు వేరు. వాటిని దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్ ఫెడరల్ కోర్టులో ఒకే న్యాయమూర్తి ముందుకు చేర్చినా, ఎవరి వ్యాధికి కారణమేమిటో వారే నిరూపించుకోవాలి.

చిక్కంతా అక్కడే ఉంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023 చివర్లో పీఫాస్‌లో ఒకటైన పీఎఫ్ఓఏను మానవులకు క్యాన్సర్ కారకంగా, మరొకటైన పీఎఫ్ఓఎస్‌ను కారకం కావచ్చునన్న వర్గంలో చేర్చింది కానీ, అది రసాయనం గురించిన తీర్పే తప్ప ఫలానా వ్యక్తి కణితి గురించినది కాదు. రక్తంలో ఇవి సగానికి తగ్గడానికే ఏళ్లు పడుతుంది కనుక పరీక్షలో కనబడతాయి. అయితే ఆ రక్తపరీక్ష నివేదిక శరీరంలోకి చేరాయని చెబుతుందే గానీ జబ్బుకు మూలం చెప్పదు. ఏ స్థావరంలో, ఏ నురగతో, ఎన్నేళ్లు పనిచేశారో తెలిపే ఉద్యోగ రికార్డులకు అందుకే అంత విలువ.