తోసినా పలకని క్లచ్ గారికి

మహారాజశ్రీ ఆటోమేటిక్ క్లచ్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద కనుక మొదలుపెడుతున్నాను గానీ, మనిద్దరిలో కుశలంగా ఉన్నది తమరొక్కరే. మొన్న ఆదివారం మిట్టమధ్యాహ్నం చిత్రావతి నది ఇసుకలో, తమరిని బిగించుకున్న 110 కిలోల ఆఫ్‌రోడ్ మోటారుసైకిలును తోసిన నా నడుము, ఈ ఉత్తరం రాయడానికి కుర్చీలో తిన్నగా కూర్చోవడానికి కూడా ఇంకా ఒప్పుకోవడం లేదు.

తమరు మా ఇంటికి వేంచేసిన వైభవం నాకు బాగా గుర్తుంది. డాలస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు, ఆవకాయ మోసుకెళ్లిన పెట్టెలోనే తమరిని వెనక్కి మోసుకొచ్చాడు. అందువల్ల మూత తీయగానే అమెరికా వాసన కాక ఆవపిండి వాసన వచ్చింది. తమరి గురించి అందరూ చెప్పిన మాట ఒక్కటే: ఇక మీదట ఇంజన్ ఆగిపోదు. ఏటవాలు గుట్ట మీదైనా, బురదలోనైనా, బ్రేకు తొక్కి బండిని గేరులోనే నిలబెట్టేసినా, ఇంజన్ ఆగిపోదు. గుండ్ల మధ్య ఇంజన్ ఆగడమంటే ఏమిటో తెలిసినవారికి ఈ వాగ్దానం విలువ వేరే చెప్పనక్కరలేదు. బండి ఆగుతుంది, కాలు కింద పెడతాం, అక్కడ నేల ఉండదు. తరువాతి సంగతి పక్కటెముకలు చూసుకుంటాయి. నేను రెండు నెలల ఇంటి అద్దెను ఆ వాగ్దానానికి సమర్పించుకున్నాను.

తమరి విద్య గొప్పది కాదని నేననను. జాతరలో రంగులరాట్నం వేగం అందుకున్నకొద్దీ కుర్చీలు బయటికి విసురుకుపోయినట్టు, ఇంజన్ వేగం పెరిగేకొద్దీ తమ లోపలి చిన్న చిన్న బరువు ముక్కలు అపకేంద్ర బలంతో బయటికి జరిగి, ప్లేట్లను ఒకదానికొకటి అదిమి ఇంజన్‌ను చక్రానికి కలుపుతాయి. వేగం తగ్గగానే వెనక్కి వచ్చి వాటిని వదిలేస్తాయి. ఎడమ చేతి లివరును ముట్టుకునే పని ఉండదు. కావాలనుకుంటే ముట్టుకోవచ్చు, తమరేమీ అనుకోరు.

ఆ ధీమాయే నా కొంప ముంచింది. మామూలు క్లచ్ ఉన్న రోజుల్లో ఆగిన ప్రతి చోటా బండిని ఆఫ్ చేసేవాడిని, ఎందుకంటే లివరు పట్టుకుని నిలబడితే వేళ్లు లాగేవి. తమరు వచ్చాక ఆ అలవాటు పోయింది. వంక దాటడానికి దారి వెతుక్కుంటూ పది చోట్ల ఆగాను, పది చోట్లా బండిని గేరులోనే, ఐడ్లింగ్‌లోనే వదిలేశాను. రేడియేటర్ ఫ్యాను తిరుగుతూనే ఉంది, హెడ్‌లైటు వెలుగుతూనే ఉంది, అంత నెమ్మదిగా తిరిగే ఇంజన్ పుట్టించే కరెంటు ఆ రెండింటి ఖర్చుకు చాలక బ్యాటరీ కరిగిపోతూనే ఉంది. నీళ్లు తాగుదామని ఒక్కసారి, ఆ పూటకు ఒకే ఒక్కసారి, బండి ఆఫ్ చేశాను. మళ్లీ బటన్ నొక్కితే లోపల ‘టిక్’ అంది. బరువు తగ్గించే పేరుతో ఈ కాలపు బండ్లకు కిక్ రాడ్డును తీసేస్తున్న పుణ్యాత్ములకు వేరే ఉత్తరం రాస్తాను. లైట్లు వెలుగుతున్నాయి, పెట్రోలు పంపు గుర్రుమంటోంది, స్టార్టరును తిప్పే సత్తువ మాత్రం బ్యాటరీలో మిగల్లేదు. అయినా నేను కంగారుపడలేదు. ఎదురుగా, వంకలోకి దిగే చక్కని వాలు ఉంది.

అయ్యా, తోసి స్టార్ట్ చేసే విద్య మా ఇంట్లో మూడు తరాలుగా వస్తోంది. మా తాత పెళ్లికి ఎక్కిన జీపును ఊరి పొలిమేర దాకా మగపెళ్లివారు, అక్కడి నుంచి విడిది దాకా ఆడపెళ్లివారు తోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మా నాన్న ప్రతి ఉదయం స్కూటరును పక్కకు వంచి, లేపి, రెండు కిక్కులు కొట్టి, అప్పటికీ పలక్కపోతే నన్ను నిద్రలేపేవాడు. నా బాల్యంలో సగం ఆ స్కూటరు వెనకే పరుగెత్తింది. పల్లె బస్సు మొరాయిస్తే టికెట్టు కొన్నవాళ్లే దిగి తోయడం, అది అందుకోగానే పరుగెత్తి ఎక్కడం మనలో ఎవరికి తెలియదు? డబ్బు, బ్యాటరీ, అదృష్టం మూడూ లేనివాడికి దేవుడు ఒక వాలును, నలుగురు మనుషులను, సెకండ్ గేరును ఇచ్చాడు. ఆ మూడింటిలో రెండు నాకు ఆదివారం అందుబాటులో ఉన్నాయి.

సెకండ్ గేరు వేశాను. వాలు మీద పరుగు తీసి, సీటు మీద ధబాలున కూర్చున్నాను. వెనక చక్రం తిరిగింది, చైను తిరిగింది, గేరుబాక్సు తిరిగింది. తమరు మాత్రం పట్టుకోలేదు. బండి సైకిలులా చప్పుడు లేకుండా వాలు దిగి, ఇసుకలో ఇరుసు దాకా కూరుకుపోయింది.

మామూలు క్లచ్‌లో స్ప్రింగులు ప్లేట్లను ఎప్పుడూ అదిమే ఉంచుతాయి, లివరు నొక్కితేనే అవి విడిపోతాయి. కాబట్టి చక్రం తిరిగితే ఆ తిరుగుడు ఇంజన్ దాకా వెళ్లి దాన్ని బలవంతంగానైనా లేపుతుంది. తమ ఇంట్లో ఆచారం తలకిందులు. ప్లేట్లు ఎప్పుడూ విడివిడిగా ఉంటాయి, ఇంజన్ తిరిగితేనే దగ్గరవుతాయి. ఇంజన్ తిరిగితే గానీ తమరు పట్టుకోరు, తమరు పట్టుకుంటే గానీ ఇంజన్ తిరగదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెతను ఎవరో ఇనుముతో పోతపోసి నాకు అమ్మారు.

ఇక మర్యాద చాలు. ఆగిపోనివ్వనన్నావు, బాగుంది, ఆగిపోయాక లేవనివ్వనని ముందే ఎందుకు చెప్పలేదు? నీతో వచ్చిన పుస్తకంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఆ సంగతి ఉందని ఇంటికొచ్చాక చూశాను. చీమ తలకాయంత! మూడు కిలోమీటర్లు తోశాను రా నిన్ను. ఇసుకలో పది అడుగులు వేయడం, హ్యాండిల్ మీద తల వాల్చడం, మళ్లీ పది అడుగులు. హెల్మెట్ పెట్టుకుంటే ఉడికిపోతున్నాను, తీస్తే మోయడానికి మూడో చెయ్యి లేదు. ఒంటరిగా వెళ్లడం నా తప్పే, కాదనను. కానీ నీలాంటివాడిని నమ్మి వెళ్లడం అంతకంటే పెద్ద తప్పు.

చివరికి శెనక్కాయ చేను పక్కన టీవీఎస్ ఎక్సెల్ మీద ఒక పెద్దాయన ఎదురయ్యాడు. వెనక గడ్డి మోపు, ముందు ఎరువు బస్తా, మధ్యలో ఆయన. బండిని, నా బూట్లను, మోకాలి కవచాలను ఒకసారి చూసి, “ఏం సార్, సెకండ్ గేరేసి తోస్తే స్టార్టయితాది గదా?” అన్నాడు. ఎందుకు కాదో, నీ గొప్పతనమేమిటో, రంగులరాట్నంతో సహా అంతా వివరించాను. ఆయన ఓపికగా విని, “మా ఎక్సెల్‌కు గూడా క్లచ్చు నొక్కే పన్లేదు సార్,” అన్నాడు. కాసేపాగి, “కాకుంటే కిక్కుంది,” అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం, అదే నన్ను ఎక్కువగా కాల్చింది. నీ వంశం నాకు తెలియనిదేమీ కాదు. 1958లో హోండా వారి సూపర్ కబ్‌కు ఇదే క్లచ్ పెట్టారు, జపానులో నూడుల్స్ ఇంటింటికీ చేర్చేవాడు ఒక చేత్తో పళ్లెం మోస్తూ ఇంకో చేత్తో బండి నడపగలగాలని. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది, దాని సంతానమే 99.7 సీసీల ఈ ఎక్సెల్ 100. మన చేలగట్ల మీద, దున్నిన మట్టిలో, మోకాలి లోతు వంకల్లో దశాబ్దాలుగా ఆఫ్‌రోడ్ చేస్తున్న ఆటోమేటిక్ క్లచ్ అదే, ఎవరూ దానికి ఆ పేరు పెట్టలేదు గానీ. ఆ పెద్దాయన గడ్డి మోపు దించి, నన్ను ఎక్కించుకుని ఊళ్లోకి తీసుకెళ్లి, ట్రాక్టరు బ్యాటరీని ఎక్సెల్ కాళ్ల దగ్గర పెట్టుకుని, బోరు మోటారు వైరు ముక్కలు రెండు జేబులో వేసుకుని తిరిగొచ్చాడు. బండి ఒక్క నొక్కుతో లేచింది. డబ్బు ఇవ్వబోతే, తనకు వద్దని చెప్పి, ముందు బండికి కిక్కు పెట్టించుకోమన్నాడు.

కోపం వచ్చింది కనుక మిగిలినవీ ఇక్కడే చెప్పేస్తాను. వాలు మీద గేరులో వేసి నిలబెడితే మామూలు బండి కదలదు. నిన్ను నమ్మి నిలబెట్టిన బండి నా టెంటు దాకా ఒంటరిగా నడిచొచ్చింది. నిటారు దిగుడులో ఇంజన్ వేగం తగ్గగానే నువ్వు పట్టు వదిలేస్తావు, బండి గాలిపటమవుతుంది. అప్పుడు నిన్ను మళ్లీ పట్టుకునేలా చేయాలంటే యాక్సిలరేటర్ తిప్పాలట, కింద లోయ కనబడుతుండగా! ప్రయాణానికి ముందు ప్రతిసారీ లివరుకు రబ్బరు బ్యాండు కట్టి, ఇంజన్ పెంచి, లివరు కాస్త లోపలికి జరిగిందా లేదా అని నీ నాడి చూడాలి. బద్ధకించి థర్డ్ గేరులో ఎక్కించబోతే ప్లేట్లు జారి మాడువాసన కొడతాయి, అదీ నా ఖర్చే. ఐడ్లింగ్‌లో బుద్ధిమంతుడిలా నిలబడిన బండిని చూసి న్యూట్రల్‌లో ఉందనుకుని మా బావమరిది యాక్సిలరేటర్ తిప్పిన కథ మా ఇంట్లో ఎత్తకూడదని మా ఆవిడ ఆజ్ఞ కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. కంచె కొత్తది వేయించాం.

ఇంత రాసి, నిజం దాచడం పాపం. ధర్మవరం దాటాక మా బావమరిది చేను వెనక ఒక గుట్ట ఉంది. కుండలు బోర్లించినట్టు గుండ్లు, మధ్యలో వదులు రాళ్లు. నాలుగేళ్లలో నేను దాన్ని ఒక్కసారీ పూర్తిగా ఎక్కలేదు. ప్రతిసారీ మూడో గుండు దగ్గర ముంజేయి బిగుసుకుపోయి, క్లచ్ వేళ్లు చెప్పిన మాట వినక, ఇంజన్ ఆగి, బండి నా మీద పడుకునేది. తమరు వచ్చిన రెండో వారం మూడో గుండు దగ్గర ముందు చక్రం తగిలి బండి పూర్తిగా నిలిచిపోయింది. అలవాటు కొద్దీ పడిపోవడానికి సిద్ధమయ్యాను. ఇంజన్ ఆగలేదు. గుడుగుడుమంటూ, నా కోసం కాచుకుని ఉన్నట్టు, ఆగలేదు. ఊపిరి పీల్చుకుని, కాలు సర్దుకుని, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చాను. పైకెక్కాక గుండు మీద కూర్చుని కాసేపు ఏడ్చిన సంగతి బావమరిదికి చెప్పలేదు, తమరూ చెప్పకండి.

కనుక తమరిని విప్పి డాలస్ పంపించే ఆలోచన ప్రస్తుతానికి విరమించుకున్నాను. జేబులో పట్టే స్టార్టర్ బ్యాటరీ ఒకటి, పన్నెండు గజాల తాడు ఒకటి, వాలు మీద చక్రానికి అడ్డం పెట్టడానికి చెక్క దిమ్మె ఒకటి కొన్నాను. మూడింటి రసీదులూ ఈ ఉత్తరానికి జతచేశాను, తమరి ఖాతాలో రాసుకోగలరు. వచ్చే ఆదివారం ఉదయం ఐదింటికి మళ్లీ చిత్రావతికే బయలుదేరుతున్నాం. ఆఫ్ చేయను. నీళ్లు కూడా ఇంజన్ నడుస్తుండగానే తాగుతాను.

ఇట్లు,
తమ బాధితుడు మరియు విధేయుడు.

(ఎడమ చేతికి తమరు వచ్చాక వేరే పనేమీ లేదు గనుక, సంతకానికి బదులు దాని బొటనవేలి ముద్ర వేస్తున్నాను.)