చూడకుండానే ఫార్మాట్ కొట్టేస్తారా?

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. ఒళ్ళు మండిపోతోంది. "అదింక లాగదు బాబాయ్ గారూ, ఫార్మాట్ కొట్టేద్దామండి, ఎనిమిది వందలవుద్ది" అంటాడు కంప్యూటర్ షాపు కుర్రాడు. కంప్యూటర్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. అతను దాన్ని ఆన్ చేసి చూసిందీ లేదు, ఏమైందని అడిగిందీ లేదు.

మా రొయ్యల చెరువుల లెక్కలన్నీ అందులోనే ఉంటాయి. సీడు, మేత, కరెంటు బిల్లు, పట్టుబడి రోజు ఎంత కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) వచ్చిందన్నదీ. వారం నుంచి ఒక్క ఫైలు తెరవాలంటే టీ తాగి రావాల్సి వచ్చింది. నిన్న రాత్రి మా అల్లుడు ఫోన్లో చెబుతుంటే విండోస్‌లో ఉన్న వాటి బదులు మూడు యుటిలిటీలు దించుకున్నాను. మూడూ ఉచితం.

మొదటిది ఎవ్రీథింగ్. ఫైళ్ళు వెతికేది. "మేత" అని టైపు చేస్తుండగానే మూడేళ్ళ లెక్కలు వరసగా వచ్చి నిలబడ్డాయి. ఎలాగంటే, విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో రాసి ఉంచే పట్టిక ఒకటి ఉంటుంది. మన ఊరి అడంగల్ లాంటిదే. ప్రతి చేను గట్టూ తొక్కకుండా ఇది ఆ అడంగల్ చదివేస్తుంది. ఫైలు పేరు బట్టే వెతుకుతుంది కాబట్టి పేర్లు సరిగ్గా పెట్టుకోవాలి. అది మన పనే కదా.

రెండోది ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్. మార్క్ రస్సినోవిచ్ వాళ్ళు చేసింది, 2006లో వాళ్ళ కంపెనీని మైక్రోసాఫ్టే కొనేసింది. ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే విండోస్ టాస్క్ మేనేజర్ ఉంది కదా, ఆప్షన్స్‌లో ఒక్క టిక్కు పెడితే దాని స్థానంలో ఇదే వస్తుంది. ఏ ప్రోగ్రామును ఏది లేపిందో వంశవృక్షంలా చూపిస్తుంది. సర్వీసులు, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాములు, గులాబీ రంగులో ఉంటాయి. మొదట ఆ రంగులన్నీ చూసి కంగారు పడ్డాను. పది నిమిషాలకు కన్ను అలవాటు పడింది. అప్పుడు దొరికింది దొంగ. సీపీయూ శక్తిలో సగం ఒక్కటే తినేస్తోంది. ఏమిటా అని చూస్తే డ్రైవర్లు (ప్రింటరు, సౌండు లాంటివి నడిపించే చిన్న ప్రోగ్రాములు) అప్‌డేట్ చేస్తానని చెప్పుకునే ప్రోగ్రాము. కిందటిసారి ఫార్మాట్ కొట్టినప్పుడు ఈ కుర్రాడే వేశాడు! దాని పక్కనే రిజిస్ట్రీ క్లీనర్ ఒకటి, విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తానని చెప్పుకునేది. రిజిస్ట్రీ క్లీనర్లు వాడొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంటే, వీళ్ళు డబ్బులు తీసుకుని మరీ వేస్తారు.

మూడోది ఆటోరన్స్. కంప్యూటర్ ఆన్ కాగానే తమంతట తామే లేచేవన్నీ ఇందులో కనిపిస్తాయి. ఆ రెండింటి పక్కన టిక్కు తీసేసి రీస్టార్ట్ చేశాను. ఏదీ చెరిగిపోదు, పొరపాటైతే మళ్ళీ టిక్కు పెట్టుకోవచ్చు. వారం నుంచి గోల పెడుతున్న క్యాబినెట్ ఫ్యాను నెమ్మదించింది. కిటికీ అవతల చెరువులో ఏరియేటర్ల చప్పుడు వినిపించింది. ఎక్సెల్ టక్కున తెరుచుకుంది.

అరగంట పని. దీనికా ఫార్మాట్?

ఫార్మాట్ అన్న మాట వింటేనే నాకు ఎందుకింత కోపమో మా వాళ్ళకి తెలుసు. 2015 జూలైలో పుష్కరాలకి నాన్నని నరసాపురం వలంధర రేవుకి తీసుకెళ్ళాం. తాతగారికి పిండం పెట్టి, తడి పంచెతో మెట్లెక్కుతూ నా భుజం పట్టుకుని ఆగారు. తమ్ముడు ఫోటో తీశాడు. మర్నాడే అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఏడాది తిరక్కుండా వేరే షాపాయన "వైరస్ అండి" అని మొత్తం తుడిచేశాడు. విండోస్ ఉన్న సి డ్రైవ్ ఒక్కటే చాలదా, ఫోటోలున్న డి డ్రైవ్ ఎందుకు ముట్టుకున్నావని అడిగితే "క్లీన్‌గా ఉంటుందని" అన్నాడు. ఫోటోలున్నాయా, ఇంకో చోట కాపీ ఉందా అని ఒక్క మాట అడిగితే అతని సొమ్మేం పోయింది? నాన్న పోయి ఆరేళ్ళయింది. గోడ మీదున్నది రేషన్ కార్డు కోసం తీయించిన ఫోటో.

మీ ఊరి షాపులో ఫార్మాట్ అనగానే ఒప్పుకోకండి. ఏ ప్రోగ్రాము వల్ల నెమ్మదైందో చూపించమని అడగండి. చూపించలేకపోతే కంప్యూటర్ ఇంటికి తెచ్చేసుకోండి.

రాత్రి లెక్కలన్నీ చూసుకున్నాక ఎవ్రీథింగ్‌లో "పుష్కరాలు" అని కొట్టాను. ఒక్కటీ రాలేదు. ఆ రోజు మాతో వ్యాన్‌లో వచ్చిన వాళ్ళెవరి పాత ఫోన్లోనైనా నాన్న ఉంటే, మసగ్గా ఉన్నా సరే, పంపండి.