ఛాడఖాయి నాటి బారులు

కార్తిక పౌర్ణమి మర్నాడు తెల్లారేసరికి ఒడిశాలోని బరంపురంలో మాంసం దుకాణాల ముందు జనం బారులు తీరి ఉంటారు. ఒడియావాళ్లు ఆ రోజును ఛాడఖాయి అంటారు. నెల్లాళ్లు నీసు మానేసినవాళ్లు, అంత కుదరక చివరి ఐదు రోజుల ‘పంచుక’ మాత్రం పాటించినవాళ్లు అందరూ ఆ పొద్దునే మళ్లీ మొదలుపెడతారు. మన తెలుగిళ్లలో చిక్కు వేరు. మన కార్తికం దీపావళి మర్నాడు మొదలై అమావాస్య దాకా నడుస్తుంది. పక్కింట్లో వేటమాంసం ఉడుకుతుంటే మనకింకా రెండు వారాలు మిగిలే ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో ఆ రెండు వారాలు గట్టెక్కడం మాటలు కాదు.

మాంసం తగ్గించమని డాక్టర్లు, పర్యావరణవేత్తలు ఇప్పుడు చెబుతున్నారు గానీ గంజాం, గజపతి, రాయగడ జిల్లాలకు అది కొత్త కాదు. మార్గశిరంలో గురువారాలు, ఏడాది పొడుగునా సోమవారమో శనివారమో మానే ఇళ్లు బోలెడు. కాకపోతే ఆ నియమాలు పుట్టిన రోజుల్లో మాంసం పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో దొరికేది. ఇప్పుడు వీధి చివరే బ్రాయిలర్ కోడి, సాయంత్రమైతే చికెన్ పకోడీ, ఆదివారం బిర్యానీ. రెండు రోజులు మానేసి ఐదు రోజులు కడుపారా తింటే అది తగ్గించడం అనిపించుకోదు, బాకీ వాయిదా వేసినట్టే.

అన్ని మాంసాలనూ ఒకే గాటన కట్టడమూ సరికాదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం సాసేజ్‌ల వంటి నిల్వ మాంసాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. మేక, గొర్రె లాంటి ఎర్ర మాంసాన్ని ‘బహుశా కారకం’ అని రెండో వర్గంలో పెట్టింది. కోడి, చేప ఎర్ర మాంసం కిందికి రావు.

పర్యావరణం లెక్కలోనూ మేకకీ కోడికీ తేడా ఉంది. నెమరువేసే జంతువుల పొట్టలో మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైగా వేడి పెంచుతుంది. అలాగని పెళ్లి భోజనంలో మటన్ తీసేసి పనీర్ వడ్డించి, భూమికి మేలు చేశామనుకుంటే పొరపాటే. పాలిచ్చేదీ నెమరువేసేదే కదా! 2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వేసిన ప్రపంచ సగటులో భూమిని వేడెక్కించే వాయువుల లెక్క కిలో కోడిమాంసం కన్నా కిలో చీజ్‌కే ఎక్కువ తేలింది. పప్పుధాన్యాలు ఎక్కడో అట్టడుగున ఉన్నాయి.

ఈ సలహా ఎవరికి చెబుతున్నామన్నది నాకు ఇంకా ముఖ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 64 శాతం మందికి రక్తహీనత. రాయగడ, కొరాపుట్ కొండల్లో ఎప్పుడో ఓసారి కోడి కోసుకునే ఇంటికి వెళ్లి మాంసం తగ్గించమనడం అన్యాయం. అక్కడి పిల్లలకు బడి భోజనంలో గుడ్డు తప్పకుండా ఉండాలి. తగ్గించాల్సింది పట్నంలో ఉన్న మనం.

తగ్గించి ఏం తింటున్నామో కూడా చూసుకోవాలి. నీసు లేని రోజున మనవైపు చాలా ఇళ్లలో అన్నం, ఆలుగడ్డ వేపుడు, అప్పడం, ఆవకాయ. అప్పడాలకు, పచ్చళ్లకు బరంపురం పెట్టింది పేరు. ఆ ఉప్పుతో బీపీ కూడా వస్తుంది. మాంసం పోయిన చోట మాంసకృత్తులు రావాలంటే కందిపప్పు, ఉలవలు, పప్పూ కూరగాయలూ కలిపి వండే డాల్మా ఉండాలి. చోళ్లు, అంటే రాగులు, ఒడియావాళ్ల మాండియా, 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఇస్తాయి. వాటిలాంటి పంటల కోసమే ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల పథకం తెచ్చింది. మన నాయనమ్మలు తాగిన అంబలే ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో బిస్కెట్ అయి కూర్చుంది. నీసు పూర్తిగా మానేసేవాళ్లు పాలో పెరుగో వదలకూడదు, బి12 విటమిన్ మొక్కల నుంచి రాదు.

నన్నడిగితే కోత పెట్టాల్సింది క్యాలెండర్‌లో కాదు, గిన్నెలో. పాత వంటల్లో నీసు రుచి కోసమే పడేది. వంకాయలో నాలుగు ఎండురొయ్యలు, ఆనపకాయలో ఓ ఎండుచేప, ఒడియా మాంసం ఝోళలో సగానికి సగం ఆలుగడ్డలు. ఆ ధైర్యంతోనే కిలో కొనే చోట అరకిలో మటన్ తెచ్చి, మిగతాది గోంగూరతో నింపాను. మొదటి ఆదివారం ఎవరూ కనిపెట్టలేదు. రెండో ఆదివారం మాత్రం మావాడు గరిటె పట్టుకుని ముక్కలు లెక్కపెట్టాడు.